అమెరికా కాలేజీలో క్రాస్ కంట్రీ కోచ్ కావాలంటే

ఈ ఉద్యోగం ఒక్క సీజన్‌తో అయిపోదు. ఆగస్టు నుంచి నవంబరు దాకా క్రాస్ కంట్రీ (గడ్డి, మట్టిదారుల మీద జట్లుగా పోటీపడే దూరపు పరుగు), ఆ తర్వాత వేసవి మొదలయ్యేదాకా ట్రాక్ మీద దూరపు పరుగులు. చాలా కాలేజీల్లో రెండూ ఒకే కోచ్ చూసుకోవాలి.

మామూలు దారి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టు. మాస్టర్స్ చదువుతూ జట్టుతో పనిచేస్తారు. ఫీజు మాఫీ ఎంతో, స్టైపెండ్ ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి. ఈలోగా యూఎస్ఏ ట్రాక్ అండ్ ఫీల్డ్ (అమెరికా అథ్లెటిక్స్ సంఘం) వాళ్ల లెవెల్ 1 కోచింగ్ కోర్సు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పూర్తి చేసుకోండి.

స్కోరింగ్ అర్థమైతేనే ఆటగాళ్ల ఎంపిక అర్థమవుతుంది. జట్టుకు ఏడుగురు పరిగెత్తినా, మొదటి ఐదుగురి స్థానాలే కూడతారు. తక్కువ మొత్తం వచ్చినవాళ్లదే గెలుపు. 1, 4, 9, 15, 60 స్థానాలొస్తే 89. 12, 14, 16, 18, 20 వస్తే 80. మొదటి పదిలో ఒక్కరూ లేని జట్టే గెలిచింది! అందుకే స్టార్ కోసం ఎంత వెతుకుతారో, ఐదో రన్నర్ కోసమూ అంతే వెతకండి.

ఎక్కువగా దెబ్బతినేది మొదటి ఏడాది పిల్లలు. హైస్కూల్లో 5 కిలోమీటర్లు పరిగెత్తిన అబ్బాయి ఇక్కడ 8, పెద్ద కాలేజీల జాతీయ పోటీల్లో 10 పరిగెత్తాలి. సీనియర్లతో సమానంగా మైళ్లు పెంచితే మోకాలి కింది ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడితో వచ్చే సన్నని పగులు) రావచ్చు. పాత మైలేజీతోనే మొదలుపెట్టి, వారానికి మూడు నాలుగు మైళ్లకు మించి పెంచకండి. ప్రతి నాలుగో వారం తగ్గించండి. ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి అంటే ఆ రోజే పరుగు ఆపించి డాక్టరుకు చూపించాలి. కారణం లేకుండా పరుగు నెమ్మదిస్తుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ తెలిపే) రక్తపరీక్ష చేయించండి. ఐరన్ మాత్రలు మాత్రం డాక్టరు చెబితేనే.