నెలాఖరులో మొరాయించిన ఈఆర్‌పీ సర్వర్: ర్యామ్ కాదు, డిస్కులు

కర్నూలులో ఒక హోల్‌సేల్ వ్యాపారానికి ఈఆర్‌పీ (బిల్లులు, స్టాకు, ఖాతాలు చూసే సాఫ్ట్‌వేర్), దాని లెక్కలు దాచే ఎస్‌క్యూఎల్ డేటాబేస్ రెండూ ఒకే సర్వర్ మీద ఉన్నాయి. నెలాఖరులో 30 మంది ఒకేసారి బిల్లులు కొడితే, ఒక్కో బిల్లు సేవ్ కావడానికి పది సెకన్లు. ఇలాంటప్పుడు ర్యామ్ పెంచమంటారు. ఇక్కడ అది తప్పు మందు. ప్రాసెసర్ 15 శాతం దాటలేదు, ర్యామ్ సగం ఖాళీ. విండోస్‌లో పనితీరు కొలిచే పెర్ఫ్‌మాన్‌లో చూస్తే, డిస్కు ఒక రాతకు (డేటా రాయడానికి) మాత్రం 80 మిల్లీసెకన్లు పడుతోంది. 20 దాటితేనే చిక్కు.

నాలుగు 7200 ఆర్‌పీఎం (నిమిషానికి అన్నిసార్లు తిరిగే) డిస్కులను రెయిడ్ 5లో, అంటే ఒక డిస్కు పోయినా డేటా దక్కేలా కలిపి కట్టి ఉన్నారు. అందులో ఒక చిన్న రాతకు రెండు చదువులు, రెండు రాతలు జరగాలి. ఒక్కో డిస్కు సెకనుకు 75 పనులు చేసినా, నాలుగూ కలిసి దక్కించేది 75 రాతలే. పైగా ఈ డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డు బ్యాటరీ చచ్చిపోయింది. అది పోతే కార్డు రాతలను క్యాష్‌లో (తన వేగమైన తాత్కాలిక మెమరీలో) ఉంచుకోదు, నేరుగా డిస్కుకే తోస్తుంది.

బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్ చేసి చూశాకే పాత రెయిడ్ చెరిపాను. కొత్త బ్యాటరీ, 960 జీబీ సర్వర్ ఎస్‌ఎస్‌డీలు (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కులు) నాలుగు, వాటికి రెయిడ్ 10 (ప్రతి డేటాకూ రెండో కాపీ ఉంచే పద్ధతి) పెట్టాను. వాడుకకు 1.92 టీబీ వస్తుంది. కరెంటు పోయినా రాత పూర్తిచేసే కెపాసిటర్ ఉన్నవే కొనండి, ల్యాప్‌టాప్ రకం వద్దే వద్దు. రాత 2 మిల్లీసెకన్లకు దిగింది.

ఇంకో జాగ్రత్త, వేడి. చాలా సర్వర్లకు లోపలికి పోయే గాలి 35 డిగ్రీలు మించకూడదు. కర్నూలు మే నెలలో బయటే 40 దాటుతుంది, కాబట్టి ఏసీలు రెండు పెట్టి వంతులవారీగా నడపాలి.