ఈస్ట్ కల్చర్ రిపోర్టు చదవడం, 4వ పాఠం: అంకెల్ని పక్కపక్కన పెట్టకండి

పోయిన పాఠంలో ఇచ్చిన కేసు గుర్తుందిగా: యూరిన్ పైపు ఉన్న పెద్దాయన, జ్వరం లేదు, మంట లేదు, యూరిన్ కల్చర్‌లో క్యాండిడా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) వచ్చింది. మీలో చాలామంది ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు మొదలుపెట్టాలని రాశారు. తప్పు నాదే, శాంపిల్ ఎక్కడిదో చూశాకే మిగతాది చదవాలని అప్పుడు గట్టిగా చెప్పలేదు. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో ఈస్ట్ ఊరికే కాపురం పెడుతుంది. లక్షణాలు లేకపోతే మామూలుగా మందు అక్కర్లేదు, పైపు తీసేయాలి, కుదరకపోతే మార్చాలి. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయినవాళ్లు, మరీ తక్కువ బరువుతో పుట్టిన పిల్లలు, మూత్రనాళానికి ప్రొసీజర్ చేయించుకోబోయేవాళ్లు వేరే లెక్క.

రక్తంలో అలా కాదు. ఒక్క బాటిల్‌లో క్యాండిడా వచ్చినా కంటామినేషన్ (బయటినుంచి శాంపిల్‌లో కలిసింది) అని పక్కన పెట్టకూడదు. ఉద్దానం నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లలో మెడ దగ్గర లైన్ (రక్తనాళంలోకి వేసిన పైపు) ఉన్నవాళ్లు ఉంటారు, అలాంటివాళ్ల రిపోర్టు అయితే రాత్రి రెండింటికైనా డ్యూటీ డాక్టర్‌ని లేపండి.

లేపి ఏం చదువుతారన్నదే ఇవాళ్టి పాఠం. టెక్కలి నుంచి ఒక సిస్టర్ రాశారు: "సర్, ఎంఐసీ ఏ మందుకి తక్కువుంటే అదే బాగా పనిచేస్తుంది కదా?" కాదమ్మా. ఎంఐసీ అంటే ఈస్ట్ పెరగకుండా ఆపడానికి ల్యాబ్‌లో కావాల్సి వచ్చిన కనీస మందు గాఢత. ఇది విన్నప్పుడల్లా నాకు టెన్షన్, ఎందుకంటే ఇలా చదివితే పేషెంట్‌కి పనిచేయని మందు ఎక్కుతుంది. థర్మామీటర్‌లో 102 చూస్తే కంగారు పడతాం, తిన్నాక షుగర్ 102 ఉంటే బాగానే ఉందంటాం. అంకె ఒకటే, గీత వేరు. ప్రతి మందుకీ దాని గీత, అంటే ఇక పనిచేయదని లెక్కేసే హద్దు, దానిదే.

క్యాండిడాలో ఆరిస్ అనే రకానికి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ మూడు ఫంగస్ మందులకి ఇచ్చిన తాత్కాలిక గీతలు ఇవి: ఫ్లూకొనజోల్ 32, ఆంఫోటెరిసిన్ 2, మైకాఫంగిన్ 4. అంకె అక్కడికి చేరినా, దాటినా రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు అనుకోవాలి. ఇప్పుడు రిపోర్టులో ఆంఫోటెరిసిన్ 2, మైకాఫంగిన్ 2 అని ఉందనుకోండి. రెండూ 2, కానీ మొదటిది రెసిస్టెంట్, రెండోది కాదు. ఫ్లూకొనజోల్ 16, ఆంఫోటెరిసిన్ 2 ఉన్నా అంతే: చిన్న అంకె ఉన్న ఆంఫోటెరిసినే గీతని తాకింది. అందుకే ఫోన్‌లో ఉత్త అంకె చదవొద్దు. నేనైతే శాంపిల్, ఈస్ట్ పేరు, మందు, అంకె, గీత, ఈ వరసలోనే చదువుతాను, వరస తప్పితే మళ్లీ మొదటినుంచి.

పేరు దగ్గర ఇంకొకటి. ఆరిస్‌ని మొదట 2009లో జపాన్‌లో ఒక పేషెంట్ చెవిలోంచి తీసి వర్ణించారు, లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. కొన్ని మెషీన్లు, ముఖ్యంగా పాత డేటాబేస్ ఉన్నవి, దీన్ని క్యాండిడా హీమ్యులోనీ అని చూపిస్తాయి. ఆ పేరు వస్తే నమ్మేయకుండా మాల్డీ-టాఫ్ (ఈస్ట్ ఏ రకమో గుర్తుపట్టే మెషీన్) ఉన్న ల్యాబ్‌కి పంపమని అడగండి. ఈలోగా ఇంకొకరికి అంటకుండా పేషెంట్‌ని వేరే గదికి మార్చమనండి, చంకలో పెట్టే థర్మామీటర్ ఇంకొకరికి వాడొద్దు, మంచం కమ్మీలకి క్లోరిన్ ద్రావణం. వార్డుల్లో తుడవడానికి వాడే క్వాటర్నరీ అమోనియం ద్రావణాల మీదే ఆధారపడితే ఇది సరిగా చావదు.

అభ్యాసం: బ్లడ్ కల్చర్, క్యాండిడా హీమ్యులోనీ, ఫ్లూకొనజోల్ 64, ఆంఫోటెరిసిన్ 1, మైకాఫంగిన్ 4. డాక్టర్‌కి ఫోన్‌లో ఏం చెప్తారో కాగితం చూడకుండా 30 సెకన్లలో చెప్పి, రికార్డు చేసి పంపండి. పేరు మీద అనుమానం కూడా ఆ 30 సెకన్లలోనే చెప్పాలి.