కాళ్ళూ చేతులూ ఉన్న ఇంగ్లీషు మాటల దగ్గర జాగ్రత్త (యూకేకి కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ)

సిమ్ము, బ్యాంకు అకౌంటు, జీపీ (దగ్గర్లోని డాక్టరు) రిజిస్ట్రేషను, సోనా మసూరి ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ దిగిన రోజే వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు చెప్పేస్తారు, నేను మళ్ళీ రాయను. ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది, ఇంగ్లీషు ఇడియమ్‌లు (జాతీయాలు) మనల్ని ఎలా బోల్తా కొట్టిస్తాయో, మొన్న మా పక్క రూమ్ తమ్ముణ్ణి చూశాక రాయకుండా ఉండలేకపోతున్నా.

తెనాలి కుర్రాడు, మాస్టర్స్ అయ్యాక మొదటి ఉద్యోగం. చేరిన రెండో రోజు మేనేజర్ నవ్వుతూ "టేక్ యువర్ టైమ్, ఫైండ్ యువర్ ఫీట్" అందట. వీడి చెవికి అది "నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు" అన్నట్టు వినపడింది, అంటే నన్ను అడక్కు, నీ తిప్పలు నువ్వు పడు అని. అంతే, మూడు వారాలు ఒక్క డౌటు అడగలేదు, రాత్రి రెండింటిదాకా కిచెన్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేవాడు, పక్కన కంచంలో కలుపుకున్న పప్పన్నం అలాగే ఎండిపోయేది. చివరికి ఆవిడే పిలిచి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు అంటే బిక్కచచ్చిపోయి ఇంటికొచ్చాడు. అరే, ఆవిడ అన్నది "కంగారేం లేదు, కుదురుకో" అని రా!

అందుకే చెప్తున్నా, అసలు అర్థం కాని ఇడియమ్‌తో పెద్ద ప్రమాదం లేదు, ఫోన్ తీసి వెతుక్కుంటాం. మన తెలుగు మాటలాగే ఉండి వేరే అర్థమిచ్చేదే కొంప ముంచుతుంది, ఎందుకంటే మనకి డౌటే రాదు. మన దగ్గర ఎవడైనా చెయ్యిచ్చాడంటే నమ్మించి ముంచాడని, ఇక్కడ "గివ్ మీ ఎ హ్యాండ్" అంటే కాస్త సాయం పట్టు అని. మన ఆఫీసుల్లో కాళ్ళు పట్టుకుని లాగడం అంటే ఎదిగేవాణ్ణి కిందకి దించడం, ఇక్కడ "పుల్లింగ్ యువర్ లెగ్" అంటే ఊరికే ఆటపట్టిస్తున్నా అని. ఇలాంటి దానికి ఒకమ్మాయి కొలీగ్‌తో నెల రోజులు మాట్లాడ్డం మానేసింది, నా కళ్ళతో చూశా.

నా సంగతీ చెప్తా. వచ్చిన రెండో నెలలో ఊళ్ళో నాన్నకి స్టెంట్ వేశారు, టికెట్ కొనడానికి డబ్బుల్లేవు, మొహం వేలాడేసుకుని పనికెళ్తే ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యేసి "చిన్ అప్, మేట్" అన్నాడు. మన దగ్గర గడ్డం పట్టుకునేది బతిమాలడానికి, ఈయనేమో గడ్డం పైకెత్తమంటున్నాడు, ఆ ఏడుపు మొహం ఇక్కడ పెట్టకు అని కసిరాడనుకున్నా. ధైర్యంగా ఉండు నాయనా అన్నాడని తెలిసేసరికి ఆయన రిటైరైపోయాడు. ఆయనకి సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదనేది ఇప్పటికీ బాధే.

అదే టైంలో పార్ట్‌టైం చేసేచోట శనివారం షిఫ్ట్ గురించి అడిగితే "లెట్స్ ప్లే ఇట్ బై ఇయర్" అన్నారు. ఇయర్ అంటే చెవి కదా, ఫోన్ చేస్తారనుకుని, ఇంకోచోట వచ్చిన షిఫ్ట్ వద్దనేసి రోజంతా కూర్చున్నా. సంగీతంలో నొటేషన్ (రాసిన స్వరాలు) చూడకుండా చెవితో విని వాయించేస్తారే, దాన్నుంచి వచ్చిన మాట అది, అప్పటి పరిస్థితిని బట్టి చూద్దాం అని అర్థం. అంటే ఇంకా ఏదీ ఖాయం కాలేదని. ఎనిమిది గంటల జీతం పోయింది. అలాగే ఎవరైనా "ఆఫ్ ద టాప్ ఆఫ్ మై హెడ్" అని ఒక నంబర్ చెప్తే అది ఉజ్జాయింపుగా నోటికొచ్చింది, చెక్ చేసింది కాదు, దాన్ని రిపోర్టులో ఎక్కించేయకండి.

ఇంకోటి బాగా గుర్తుపెట్టుకోండి, "టర్న్ ఎ బ్లైండ్ ఐ". లండన్ వెళ్తే ట్రఫాల్గర్ స్క్వేర్‌లో స్తంభం మీద బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ విగ్రహం ఉంటుంది, ఆయనకి 1794లో కోర్సికాలో జరిగిన యుద్ధంలో కుడికంటి చూపు పోయింది, 1801లో కోపెన్‌హాగన్ దగ్గర పై అధికారి పోరు ఆపమని సిగ్నల్ ఇస్తే టెలిస్కోప్ ఆ కంటికే పెట్టుకుని నాకేం కనపడట్లేదే అన్నాడని ఇక్కడ కథగా చెప్పుకుంటారు. చూసీ చూడనట్టు ఊరుకోవడం అన్నమాట. మీ లేట్ గురించి మేనేజర్ "వీ కాంట్ టర్న్ ఎ బ్లైండ్ ఐ" అన్నాడంటే గొంతు ఎంత మెత్తగా ఉన్నా అది వార్నింగే, మర్నాటి నుంచి ముందు బస్సు ఎక్కండి.

అర్థం కాకపోయినా నవ్వుతూ తలూపే అలవాటు మాత్రం మానండమ్మా, చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది. "సారీ, వాట్ డూ యూ మీన్?" అనడానికి పైసా ఖర్చు లేదు, అడిగినందుకు నన్నెవరూ చిన్నచూపు చూడలేదు. పైగా అన్నీ తికమకేం కాదులెండి, "కీప్ యాన్ ఐ" అంటే మన కన్నేసి ఉంచడమే, నోరు జారడం, వేలెత్తి చూపడం, గుండె రాయి చేసుకోవడం దాదాపు ఇలాగే ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి సగం వాటంతటవే వచ్చేస్తాయి, నాకూ అలాగే వచ్చాయి.

మా పక్క రూమ్ తమ్ముడు సోమవారం పేపర్ మీద పదకొండు డౌట్లు రాసుకుని వెళ్ళాడు. వాళ్ళ మేనేజర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని తొమ్మిదింటికి చెప్పిందట, మిగతా రెండూ ఆవిడకీ తెలియదట, ఇద్దరూ కలిసి ఇంకొకర్ని అడగడానికి వెళ్ళారట. ఆ రాత్రి పదింటికే పడుకున్నాడు.