గేమ్ బిల్డుల గురించి ప్లేయర్లతో ఎలా మాట్లాడాలి? వాళ్ళ జోకుల్ని ఎలా కాపాడుకోవాలి?

"అన్నా, ఆ క్రాష్ సరిచేశామన్నారు కదా, మాకింకా రాలేదేం?"

గేమ్ చేసేవాళ్ళకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. తప్పు నిన్న రాత్రే దిద్దేశాం, కానీ ప్లేయర్ చేతికి ఇంకా అందలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దారినే బిల్డ్ పైప్‌లైన్ అంటారు. బిల్డ్ అంటే ఆడటానికి సిద్ధం చేసిన గేమ్ ప్రతి. కోడ్, బొమ్మలు, శబ్దాలు అన్నీ ఒకచోట చేరాలి, కంపైల్ కావాలి (అంటే కోడ్ మెషీన్‌కి అర్థమయ్యే రూపంలోకి మారాలి), పరీక్షలు దాటాలి, ప్యాకేజీగా మారి స్టోర్‌కి ఎక్కాలి, అక్కడినుంచి ప్లేయర్ మెషీన్‌లో దిగాలి.

చిన్న టీమ్‌లో బిల్డులు చూసుకుంటూ, మధ్యమధ్యలో డిస్కార్డ్ చాట్‌లో ప్లేయర్లకు జవాబులు రాస్తూ నేర్చుకున్నవి ఇక్కడ పెడుతున్నాను. ప్లేయర్లు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలియకపోతే మాత్రం ఓర్చుకోరు. ఈ పద్ధతులన్నీ అందులోంచి వచ్చినవే.

1. ముందు మీ పైప్‌లైన్‌ని ఒక కాగితం మీద రాయండి

మీకే తెలియని దారి ఇంకొకరికి చెప్పలేరు. కోడ్ గిట్‌లో (టీమ్ మార్పులన్నీ దాచే చోట) చేరినప్పటినుంచి ప్లేయర్ 'అప్‌డేట్' నొక్కేదాకా ఏమేం జరుగుతుందో వరసగా రాయండి. ప్రతి అంచె పక్కన అది మామూలుగా ఎంతసేపు పడుతుందో, ఎక్కడ మనిషి చెయ్యి పడాలో గుర్తు పెట్టండి. కంపైల్ కావడం యంత్రం పని. స్టోర్‌లో బిల్డ్‌ని లైవ్ చేయడం, అంటే ప్లేయర్లకు వదలడం, మనిషి పని. ఆ మనిషి నిద్రపోతుంటే ప్యాచ్ (తప్పులు దిద్దిన అప్‌డేట్) ఆగుతుంది, దాన్ని దాచాల్సిన పనేం లేదు.

ఏ స్టోర్ దారి ఎలా ఉంటుందో కూడా అందులోనే చేర్చండి. పీసీ గేముల స్టోర్ స్టీమ్‌లో బిల్డ్ ఎక్కించాక లైవ్ చేయడం మీ చేతిలోనే ఉంటుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, స్విచ్‌లకు పంపేది ఆయా కంపెనీల పరిశీలన దాటాలి. అందుకే ఒకే బగ్ పీసీ వాళ్ళకు ముందు, కన్సోల్ వాళ్ళకు తర్వాత పోతుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంచితే "కన్సోల్ వాళ్ళంటే మీకు చులకన" అనే మాట సగం తగ్గుతుంది.

2. బిల్డ్ నంబర్‌ని తెర మీద పెట్టండి

మెనూలో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటే చాలు. "నా గేమ్ ఆగిపోయింది" అన్న మాటతో మీరేం చేయలేరు. "412లో ఆగిపోయింది, 409లో బాగానే ఉంది" అంటే వెతకాల్సిన మార్పులు గుప్పెడే. ఆ నంబర్‌ని పైప్‌లైనే వేయాలి, చేత్తో వేస్తే ఏదో ఒకరోజు మర్చిపోతారు.

మంచి నంబరు దానంతట అదే కథ చెబుతుంది. మైన్‌క్రాఫ్ట్ గేమ్ స్నాప్‌షాట్ల (విడుదలకు ముందు వదిలే పరీక్ష బిల్డుల) పేర్లను ఏళ్ళ తరబడి అలాగే పెట్టారు. ముందు సంవత్సరం, తర్వాత వారం అని చెప్పే డబ్ల్యూ అక్షరం, వారం సంఖ్య, చివర ఇంకో అక్షరం. చూడగానే అది ఏ ఏడు ఏ వారం తయారైందో ప్లేయర్‌కి తెలిసిపోయేది. 2020లో ఏప్రిల్ ఒకటికి వచ్చిన స్నాప్‌షాట్‌లో 20, 14 అంకెలు మామూలుగానే వేసి, చివరి అక్షరం బదులు అనంతం గుర్తు పెట్టారు. లోపల లెక్కలేనన్ని విచిత్ర లోకాలు. వారం వారం పేరు చదవడం అలవాటైన ప్లేయర్లకు ఆ ఒక్క గుర్తులో జోకు అందింది. నంబర్ల పద్ధతి నికరంగా ఉంది కాబట్టే అది పండింది.

3. రెండు వాకిళ్ళు పెట్టండి

పెళ్ళి వంటలో సాంబారు పందిట్లోకి వెళ్ళే ముందు ఇంటివాళ్ళు నలుగురు రుచి చూస్తారు. గేమ్‌కీ ఆ నలుగురు కావాలి. కొత్తదంతా ముందు ప్రయోగాల బ్రాంచ్‌లోకి (గేమ్‌కి విడిగా నడిపే వరస, దీన్నే బీటా అంటాం), నిలదొక్కుకున్నాక అందరూ ఆడే స్టేబుల్‌లోకి పంపండి. స్టీమ్‌లో ప్లేయర్ గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, బీటాస్ అన్నచోట బ్రాంచ్ ఎంచుకోవచ్చు. కొద్దిమందికే ఇవ్వాలంటే దానికి పాస్‌వర్డ్ పెట్టొచ్చు. ప్రాగ్‌లోని వూబె స్టూడియో వాళ్ళు ఫ్యాక్టోరియో గేమ్‌ని ఇలాగే ఎక్స్‌పెరిమెంటల్, స్టేబుల్ అని విడదీసి నడిపారు. పైగా 2013 నుంచి శుక్రవారం రాతల్లో తమ పని లోపలి సంగతులు ప్లేయర్లకు విప్పి చెబుతూ వచ్చారు.

బీటాకి వచ్చేవాళ్ళకు సేవ్ ఫైలు సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. కొత్త బిల్డ్‌లో దాచుకున్న ఆట పాత బిల్డ్‌లో తెరుచుకోకపోవచ్చు. కాపీ తీసి పెట్టుకోమనండి, ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంటుందో కూడా రాయండి.

మొబైల్ గేమ్ మొదలుపెట్టే మన కుర్రాళ్ళకు ఒక మాట. గూగుల్ ప్లేలో 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు, గేమ్ అందరికీ విడుదల చేసే ముందు, కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ (పిలిచినవాళ్ళకే ఇచ్చే పరీక్ష) నడపాలన్న షరతు పెట్టారు. మొదట్లో ఆ సంఖ్య 20 ఉండేది. ఆ పన్నెండు మందిని చుట్టాలతో నింపేయకండి. మీ గేమ్ మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్ళను తెచ్చుకుంటే, మీ మొదటి జోకులు పుట్టేది వాళ్ళ దగ్గరే.

4. "ఎప్పుడొస్తుంది?" అంటే తేదీ బదులు అంచె చెప్పండి

తేదీ చెప్పి తప్పితే మాట పోతుంది. "త్వరలో" అన్న మాటకు అసలు విలువే లేదు. "దిద్దాం, బిల్డ్ అయింది, ఇప్పుడు పాత సేవ్ ఫైళ్ళతో పరీక్షిస్తున్నాం, అది దాటితే బీటాలో పెడతాం" అనండి. ఇందులో అబద్ధానికి చోటు లేదు, అడిగినవాడికి తన ప్యాచ్ ఎక్కడుందో కళ్ళకు కడుతుంది. పరీక్ష ఫెయిలైతే అదీ అలాగే చెప్పండి.

5. ప్యాచ్ ఎందుకంత పెద్దదో విడమరిచి చెప్పండి

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర ఇది డబ్బుతో ముడిపడిన విషయం. రోజుకి ఒకటిన్నర జీబీ ఇచ్చే ప్యాక్‌తో, ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాళ్ళు జిల్లాల్లో బోలెడుమంది. ఒకసారి మేం "చిన్న ప్యాచ్" అని రాసి వదిలింది రెండు జీబీ దాటింది. "రెండు లైన్ల మార్పుకి రెండు జీబీనా అన్నా? ఇవాళ్టి నెట్ అంతా అయిపోయింది" అని ఒక అబ్బాయి రాశాడు. ఆ అబ్బాయి అడిగింది న్యాయం. తప్పు మా ప్యాకింగ్‌లోనే ఉంది.

లోపల జరిగేది ఇది. స్టీమ్ ప్రతి ఫైలునూ దాదాపు ఒక్కో ఎంబీ ముక్కలుగా కోసి, పాత బిల్డ్ ముక్కలతో పోల్చి, మారిన ముక్కల్నే పంపుతుంది. గేమ్ బొమ్మలన్నీ ఒకే పెద్ద ప్యాక్ ఫైలులో ఉండి, దాన్ని మొత్తంగా కంప్రెస్ చేస్తే, లోపల ఒక్క బొమ్మ మారినా ఆ తర్వాతి ముక్కలన్నీ మారిపోతాయి. స్టీమ్‌కి అదంతా కొత్త సరుకే. బిల్డ్ చేసిన ప్రతిసారీ ఫైళ్ళ వరస మారినా ఇదే గొడవ. పైగా పెద్ద ఫైలులో కొంచెమే మారినా, ప్లేయర్ డిస్క్ మీద ఆ ఫైలు మొత్తాన్నీ మళ్ళీ రాయాలి. అందుకే డౌన్‌లోడ్ చిన్నదైనా ఒక్కోసారి అప్‌డేట్ చాలాసేపు కదలదు.

మేం ఆ పెద్ద ప్యాక్‌ని లెవెల్ వారీగా చిన్న ప్యాక్‌లు చేశాం. లోపలి వరసను స్థిరంగా ఉంచాం, కొత్తవి చివర చేర్చాం. ఆ తర్వాతినుంచి లైవ్ చేసే ముందే డౌన్‌లోడ్ ఎంతుంటుందో చూసి, ప్యాచ్ నోట్ మొదటి వరసలో రాస్తున్నాం. పెద్దదైతే కారణమూ రాస్తాం. ఆ అబ్బాయికి కూడా ఇదంతా వివరంగా రాశాను. ఇప్పుడు కొత్తవాళ్ళు అడిగితే మాకంటే ముందు అతనే ముక్కల లెక్క చెబుతాడు.

6. బిల్డ్ చెడితే మూడు సంగతులు చెప్పండి

ఏం చెడింది, ఏది భద్రంగా ఉంది, ఇప్పుడు ప్లేయర్ ఏం చేయాలి. ఈ మూడూ మొదటి సందేశంలోనే ఉండాలి. ఎందుకు చెడిందన్నది తర్వాత, నిజం తేలాకే. పాత బిల్డ్‌ని మళ్ళీ లైవ్ చేసే వీలుంటే చేయండి, కానీ ఈలోగా కొత్త బిల్డ్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళ సంగతి ఆలోచించాకే. తప్పు చేసిన సహోద్యోగి పేరు ఎప్పుడూ బయట పెట్టకండి.

నలభై గంటల ఆట పోగొట్టుకున్న మనిషి ముందు ఆ పూట ఎంత పాత జోకైనా తీయకండి. మీరు నవ్వితే తన నష్టాన్ని చూసి నవ్వినట్టే ఉంటుంది.

7. జోకు ఎక్కడ పుట్టిందో గమనించండి

టీమ్ కూర్చుని తయారుచేసిన జోకు నిలబడటం నేను చూడలేదు. ప్లేయర్లు పుట్టించినదే బతుకుతుంది, అదీ చాలాసార్లు బిల్డ్‌లో జారిన తప్పులోంచే.

మా గేమ్‌లో ఒక పల్లె ఉంది. ఒక బిల్డ్‌లో గేదె మెట్లెక్కి డాబా మీద నిలబడి నెమరేస్తోంది. మా మెషీన్లలో మాత్రం బుద్ధిగా చెరువు గట్టునే తిరుగుతోంది. రెండు రోజులు వెతికాం. ఎక్కడెక్కడ నడవొచ్చో చెప్పే నేవ్‌మెష్ మా కంప్యూటర్లలో పాతది దాగి ఉంది. బిల్డ్ సర్వర్ దాన్ని ప్రతిసారీ మొదటినుంచి తయారుచేస్తుంది. ఈ మధ్య ఎవరో వాలు కొలత మార్చారు, దాంతో సర్వర్ లెక్కలో మెట్లు కూడా నడిచే దారి అయిపోయాయి. ఈ సంగతి బొమ్మలతో సహా ప్లేయర్లకు చెప్పాం. అప్పటికే "గేదె మేడెక్కింది" అన్నది నానుడి అయిపోయింది. ఏ కొత్త బగ్ కనిపించినా "గేదె ఎక్కిందన్నా" అంటున్నారు. మేం గేదెను దించాం, ఆ డాబా పిట్టగోడ మీద ఒక మట్టి గేదె బొమ్మ పెట్టాం. దాని గురించి ప్యాచ్ నోట్‌లో రాయలేదు. వాళ్ళే కనిపెట్టారు.

పెద్ద గేముల్లోనూ ఇదే వరస. డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో 2015లో సారాయి అంగళ్ళు చేర్చాక పిల్లులు చచ్చిపోవడం మొదలైంది. ఆ గేమ్ చేసిన టార్న్ ఆడమ్స్ వెతికితే తేలిందేమిటంటే, నేల మీద ఒలికిన మద్యం పిల్లుల పాదాలకు అంటుకుంటోంది, అవి నాక్కుంటున్నాయి, నాకిన ప్రతిసారీ నిండు గ్లాసు తాగినంత లెక్క పడుతోంది. ఆయన కారణం దాచకుండా చెప్పాడు కాబట్టే ఆ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మైన్‌క్రాఫ్ట్‌లో హీరోబ్రైన్ అనే దయ్యం ఎప్పుడూ లేదు. అయినా ప్లేయర్ల పుకారును గౌరవించి ఎన్నో అప్‌డేట్ల నోట్స్‌లో "హీరోబ్రైన్‌ను తీసేశాం" అని రాస్తూ వచ్చారు. ఫ్యాక్టోరియోలో సాలీడు కాళ్ళ వాహనం ఎప్పుడొస్తుందని ప్లేయర్లు ఏళ్ళ తరబడి అడిగి అడిగి దాన్నొక ఆటగా చేసుకున్నారు. 2020 ఆగస్టులో 1.0 వచ్చినప్పుడు స్పైడర్‌ట్రాన్ నిజంగానే అందులో ఉంది.

8. జోకుకి అంటుకున్న తప్పుడు కారణాన్ని మాత్రం వదలకండి

మన దేశానికి తగిలే ఉదాహరణే ఉంది. మొదటి సివిలైజేషన్ గేమ్‌లో గాంధీ అణుబాంబులు వేస్తాడని ఒక జోకు. దానికి ఒక సాంకేతిక కారణం కూడా చెప్పేవాళ్ళు: గాంధీ దూకుడు 1 అనీ, ప్రజాస్వామ్యం రాగానే 2 తగ్గి, ఆ లెక్కలో సున్నా కింద అంకెలు లేక, చుట్టు తిరిగి అన్నిటికంటే పెద్దదైన 255 అయిందనీ. వినడానికి ముచ్చటగా ఉంది, చదువుకున్నవాళ్ళూ నమ్మారు. అలాంటి బగ్ లేదని ఆ గేమ్ చేసిన సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో రాశాడు. 2010లో వచ్చిన ఐదో గేమ్‌లో మాత్రం గాంధీకి అణ్వాయుధాల మోజును కావాలనే పెట్టారు.

జోకు ఉండనివ్వండి, కారణం సరిదిద్దండి. మీ గేమ్ గురించి పుట్టే పుకారులో మీ సర్వర్, మీ కోడ్ పేరెత్తి ఎవరైనా తప్పు చెబితే, ఆ పూటే సరైనది మర్యాదగా రాయండి. ఒక ప్లేయర్‌ని ఏడిపించే జోకు అయితే మొదటిసారే ఆపండి.

9. వారానికో నోట్ రాయండి

రోజు మార్చకండి. పొడుగు అక్కర్లేదు. ఈమధ్య మేం పంపినది ఇలా ఉంది:

"అందరికీ నమస్తే. బిల్డ్ 431 బీటాలో ఉంది, డౌన్‌లోడ్ 60 ఎంబీ. వాన పడుతుంటే ఆగిపోయే క్రాష్ దిద్దాం. పడవ ఇసుకలో ఇరుక్కోవడం ఇంకా తేలలేదు, మీ దగ్గర జరిగితే లాగ్ ఫైలు పంపండి. బీటాకి వచ్చేముందు సేవ్ కాపీ తీసుకోండి. ఇది పాత సేవ్‌లతో పరీక్ష దాటాక స్టేబుల్‌కి వస్తుంది, ఆ పరీక్ష ఇవాళ మొదలైంది. గేదె గట్టు మీదే ఉంది, పొద్దున్నే చూసి వచ్చాం."