విమానం దిగాక హావ్‌లాక్ రిసార్ట్ దాకా: ముందు పడవ సంగతి చూసుకోండి

అండమాన్ వెళ్తున్నామంటే అందరూ విమానం టికెట్ ఎంతకి దొరికిందనే అడుగుతారు. పడవ టికెట్ దొరికిందా అని ఒక్కరూ అడగరు. అండమాన్‌లోని హావ్‌లాక్ ద్వీపంలో విమానాశ్రయం లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, అక్కణ్ణుంచి సముద్రం మీద వెళ్లాల్సిందే. మొదటిసారి నేను విమానం, రిసార్ట్ రెండూ బుక్ చేసేసి, పడవదేముందిలే, అక్కడికెళ్లి చూసుకుందాం అనుకున్నా. తీరా దిగేసరికి ఆరోజు పడవలన్నీ నిండిపోయాయి. రిసార్ట్‌కి కట్టిన ఒక రాత్రి డబ్బులు గోవిందా. సముద్రం ఎదురుగా నిద్ర లేవాల్సినవాళ్లం, బజార్లో ఓ లాడ్జి గదిలో లేచాం.

రెండోసారి అమ్మని, నాన్నని, మా ఏడేళ్ల పిల్లని వెంటేసుకుని వెళ్లాం. ఈసారి వరస తిరగేశాను. ముందు పడవ ఏ రోజు, ఏ టైముకి ఉందో చూశాను. దాన్నిబట్టి విమానం, ఆ తర్వాత రిసార్ట్. మీరూ అలాగే చేయండి.

బుక్ చేసేటప్పుడు పేర్ల దగ్గర తికమక పడకండి. హావ్‌లాక్‌కి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయ పురం అని పెట్టారు. ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు కనబడుతుంది. ఊరు అదే, రేవూ అదే. మా నాన్న మాత్రం "మనం వెళ్లేది హావ్‌లాక్ కదా, ఇదేదో స్వరాజ్ అంటోందేంటి" అని మూడుసార్లు కళ్లజోడు తుడుచుకుని చదివారు.

పడవలు రెండు రకాలు. ప్రభుత్వ ఫెర్రీ చవక, కాస్త నిదానం, రెండున్నర గంటల దాకా పడుతుంది. డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. ప్రైవేటువి ఏసీ క్యాటమరాన్‌లు, అంటే రెండు పడవల్ని పక్కపక్కన కలిపినట్టుండే వేగమైన పడవలు, గంటన్నర అటూ ఇటూగా చేరుస్తాయి. టికెట్ ఖరీదెక్కువ, చాలావాటిలో అద్దాల వెనక కూర్చోవాల్సిందే. ప్రభుత్వ ఫెర్రీలో సీటు దొరకడం సీజన్‌లో కష్టం. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ప్రైవేటు దానికే డబ్బు పెట్టండి. ఇద్దరే వెళ్తుంటే, ఎండ ఫరవాలేదనుకుంటే, నాకు ప్రభుత్వ ఫెర్రీయే ఇష్టం.

విమానం దిగే టైముకీ పడవ బయల్దేరే టైముకీ మధ్య కనీసం మూడు గంటలు ఉంచుకోండి. నాలుగైతే ఇంకా మంచిది. విమానాశ్రయం నుంచి రేవు ఎంతో దూరం కాదు, అరగంట లోపే చేరిపోతారు. కానీ విమానం ఆలస్యం కావచ్చు, సామాను బెల్టు మీదకి రావడానికి ఓ అరగంట పోవచ్చు. రేవులో గంట ముందే ఉండమంటారు, గేటు మూశాక బతిమాలినా తీయరు. పొద్దున్నే దిగే విమానం చూసుకోవడానికి ఇంకో కారణం ఉంది. అండమాన్ బాగా తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే. అందుకే తెల్లారుజామున అయిదింటికే వెలుగొచ్చేస్తుంది, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది. మధ్యాహ్నం దాటితే పడవలు తగ్గిపోతాయి. సాయంత్రం దిగే విమానమైతే ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే అని ముందే రాసుకోండి.

విమానాశ్రయం బయట ఆటో ఎక్కేముందు టికెట్ మీద రేవు పేరు చూడండి. ఫీనిక్స్ బే వేరు, హ్యాడో వార్ఫ్ వేరు. "హావ్‌లాక్ జెట్టీ" అంటే ఆటో అతను తనకి తోచినచోటికి తీసుకెళ్తాడు. హిందీ రాదని టెన్షన్ పడక్కర్లేదు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు ఆ ఊళ్లో బోలెడు మంది. మా ఆటో అతను నాన్న మాట వినగానే "ఏ ఊరండీ మీది" అని మొదలెట్టి, రేవు వచ్చేదాకా శ్రీకాకుళం యాసలో కబుర్లు చెబుతూనే ఉన్నాడు.

రేవులో పద్ధతి చిన్న విమానాశ్రయంలాగే ఉంటుంది. అందరి గుర్తింపు కార్డులూ అసలువి చేతిలో ఉండాలి, పిల్లలవి కూడా. బ్యాగులు స్కానింగ్‌లో పెడతారు. పెద్ద సూట్‌కేసులు తీసుకుని చీటీ కట్టి పడవలో ఓ పక్కన పేరుస్తారు. బరువు ఎంతవరకో టికెట్ మీద ఉంటుంది, విమానం లెక్కే పడవకీ అనుకోకండి. మందులు, డబ్బు, పిల్లలకి ఓ జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోండి. టికెట్లు ఫోన్లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నెట్ సరిగ్గా ఆ గేటు దగ్గరే తిరుగుతూ కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు విషయం, వాంతులు. మా నాన్న కోనసీమ మనిషి. గోదావరి మీద లాంచీలెక్కి పెరిగారు. మాత్ర ఇస్తే "నాకా, పడవకా" అని నవ్వేసి జేబులో పడేసుకున్నారు. పడవ రేవు దాటేవరకూ బాగానే ఉంది. బయటి సముద్రంలోకి రాగానే ముందుభాగం లేవడం, కాసేపు ఆగినట్టే ఆగి ధబ్బున దిగడం మొదలైంది. కుర్రాళ్లిద్దరు కవర్లు పంచుతూ వరసల మధ్య తిరిగారు. నాన్న మొదట వద్దన్నారు. పది నిమిషాల తర్వాత ఆయనే చెయ్యి చాపారు. మాత్ర జేబులోనే ఉంది. అమ్మ మాత్రం మాత్ర వేసుకుని, కొంగు కప్పుకుని, హాయిగా గురక పెట్టి నిద్రపోయింది.

కాబట్టి మాత్ర పడవ ఎక్కాక కాదు, ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. బీపీకో షుగర్‌కో మందులు వాడేవాళ్లు, పిల్లల విషయంలోనూ, బయల్దేరేముందే డాక్టర్ని అడిగి పెట్టుకోండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో వద్దు, అలాగని పూరీలూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. సీటు ఎంచుకునే వీలుంటే కింది అంతస్తులో, మధ్యకో వెనక్కో తీసుకోండి. కుదుపు అక్కడే తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా సముద్రం అంచు చూస్తూ కూర్చోండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం మామూలుగా నెమ్మదిగా ఉంటుంది. మే చివర్నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం, అలలు పెద్దవి, పడవలు రద్దు కావడమూ ఉంటుంది. ఆ నెలల్లో వెళ్తే డబ్బు వెనక్కిస్తారో లేదో రిసార్ట్‌ని ముందే అడగండి.

హావ్‌లాక్ రేవులో దిగాక తొందరపడకండి. సామానంతా ఒకచోట కుప్ప పోస్తారు. నూరు సూట్‌కేసుల్లో డెబ్బై నల్లవే. జనం ఒకరి మీద ఒకరు వంగి పిడులు లాగుతుంటారు. ఒకాయన మా పక్కనే ఒక పెట్టెను నాలుగడుగులు లాక్కెళ్లి, చీటీ చూసుకుని, నాలిక కరుచుకుని వెనక్కి తెచ్చి పెట్టాడు. అమ్మ బయల్దేరేటప్పుడే మా పెట్టెల పిడులకి పాత ఎర్ర రవికగుడ్డ చింపి ముడేసింది. "ఏంటమ్మా, అసహ్యంగా" అన్నాను అప్పుడు. అక్కడ మాత్రం కుప్పలో ఎర్రముడులు మూడూ దూరం నుంచే కనబడ్డాయి.

రిసార్ట్ చిరునామాలో చూడాల్సింది బీచ్ నంబరు. ఊళ్లో గోవింద్ నగర్‌ని 3 అనీ, విజయ్ నగర్‌ని 5 అనీ, రాధానగర్‌ని 7 అనీ పిలుస్తారు. మూడు, అయిదు రేవుకి దగ్గర. ఏడో నంబరుది ద్వీపానికి అటు పక్క, దాదాపు ఆ కొస నుంచి ఈ కొసకి. ఆటో బేరం దీన్నిబట్టే ఉంటుంది. ముందురోజే రిసార్ట్‌కి ఫోన్ చేసి పడవ పేరు, టైము చెప్పండి, చాలామంది బండి పంపిస్తారు. అది ఉచితమో కాదో కూడా అప్పుడే తేల్చుకోండి. నగదు పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి. ద్వీపంలో ఏటీఎంలు తక్కువ, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌తో డబ్బు కట్టడం కుదరదు.

తిరుగు ప్రయాణానికి ఒకటే షరతు: విమానం ఉన్న రోజు పొద్దున పడవ పెట్టుకోవద్దు. గాలి మారి ఆ పడవ ఆగిపోతే విమానం మీకోసం ఆగదు. మేము ముందురోజే పోర్ట్ బ్లెయిర్ వచ్చేసి, సాయంత్రం సెల్యులార్ జైలు చూసి అక్కడే పడుకున్నాం. పిల్ల ఏరిన గవ్వలు, పగడం ముక్కలు ద్వీపంలోనే వదిలేయించాను. అవి తీసుకెళ్లడం నేరం, విమానాశ్రయం స్కానింగ్‌లో పట్టుకుంటారు. నాన్న ఈసారి పడవకి గంట ముందే, ఎవరూ అడక్కుండానే, మాత్ర వేసుకున్నారు.