ఖరీదైన స్వెట్టర్‌ను ముందు తిరగేసి చూడండి

స్వెట్టర్లు అల్లడం, పాడైనవాటిని బాగుచేయడం నా పని. నా బల్ల మీదికి వచ్చేవాటిలో పేరుమోసిన డిజైనర్ల లేబుళ్లున్నవి తక్కువేమీ కాదు. తెచ్చినవాళ్లు అనే మాట దాదాపు ఒకటే: ఇంత పోసి కొన్నాను, ఒక్క చలికాలమైనా నిలవలేదు. చంకల కింద ఉండలు, మోచేతుల దగ్గర పలచబడిన అల్లిక, పక్కన ఉండాల్సిన కుట్టు పొట్ట మీదికి జరిగిపోవడం. వాళ్ల కోపం సబబైనదే. అయితే ఈ లోపాల్లో చాలావరకు కొన్న రోజునే ఆ స్వెట్టర్‌లో ఉన్నాయి. ధర చీటీని చూసినంత శ్రద్ధగా లోపలి వైపు చూస్తే కనిపించేవే. ఏం చూడాలో చెబుతాను.

మెత్తదనాన్ని నమ్మకండి

దుకాణంలో అందరూ మొదట చేసేది స్వెట్టర్‌ను చెంపకు ఆనించుకోవడం. తయారుచేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. మెత్తదనం రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, సన్నని పోగుల వల్ల వచ్చేది. రెండోది, అల్లిక పూర్తయ్యాక బట్టను ఎక్కువసేపు ఉతికి, నూగు లేపి, సిలికాన్ పూతలు పట్టించి తెప్పించేది. మొదటిది నిలుస్తుంది. రెండోది ఉతుకుల్లో కొట్టుకుపోతుంది, పోతూ పోతూ ఉండలను మిగిల్చిపోతుంది. నూగు లేపడమంటే దారంలో ఒదిగి ఉన్న పోగుల కొసలను బయటికి లాగడమే కదా. ఆ కొసలు రాపిడికి ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉండ కడతాయి. మంచి కాష్మియర్ (మేక ఉన్ని) స్వెట్టర్ కొత్తలో కాస్త బిగువుగా తగులుతుంది. వాడేకొద్దీ, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కొత్తదే వెన్నలా ఉంటే నాకు అనుమానం.

అందుకని చెంపను వదిలేసి చేతులకు పని చెప్పండి. చేతి భాగాన్ని మడిచి, బట్టను బట్టకే ఆనించి అర నిమిషం రుద్దండి. నూగు లేచి చిన్న గింజల్లా చుట్టుకోవడం మొదలైతే చంకల కింద ఏం జరగబోతోందో అక్కడే తెలిసిపోయినట్లు. అమ్మేవాళ్లు మొహం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, డబ్బు మీది.

లేబుల్ చెప్పేది, చెప్పనిది

లేబుల్ మీది శాతాలు బరువును బట్టి రాసేవి. బయట చీటీ మీద పెద్ద అక్షరాల్లో 'కాష్మియర్ మిశ్రమం' అని ఉండి, లోపలి చీటీలో కాష్మియర్ 5 శాతమే ఉన్న స్వెట్టర్లు నా చేతికి వచ్చాయి. ఆ 5 శాతం ఒంటికీ తెలియదు, మన్నికకూ పనికిరాదు. ధర చీటీకి మాత్రమే ఉపయోగం. పాలియమైడ్, అంటే నైలాన్, కనిపించగానే ముక్కు ఎగబీల్చాల్సిన పని లేదు. సన్నని ఊలుకు అది కొంచెం తోడైతే మోచేతులకు బలం. ఊలులా కనిపించే కృత్రిమ పోగు యాక్రిలిక్ సంగతి వేరు. ఊలు ఉండలు కొన్నాళ్లకు వాటంతట అవే రాలిపోతాయి, ఎందుకంటే వాటిని పట్టి ఉంచే పోగు బలహీనం. కృత్రిమ పోగు గట్టిది కనుక ఉండను వదలదు. ఊలు, యాక్రిలిక్ కలిసిన స్వెట్టర్‌ను డిజైనర్ ధరకు అమ్మేవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి, స్వెట్టర్‌ను మాత్రం కొనకూడదు.

ఇక '100 శాతం కాష్మియర్' అన్న మాట. అమెరికా చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే పోగు సగటు మందం 19 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) మించకూడదు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే అది ఎంత సన్ననిదో ఊహించవచ్చు. మేక పైబొచ్చు కింద పెరిగే ఆ మెత్తని ఉన్ని, ముతక వెంట్రుకలు ఏరేశాక, ఒక్కో మేకకు ఏడాదికి రెండు వందల గ్రాములు కూడా దక్కడం కష్టం. ఖరీదుకు ఇది నిజమైన కారణమే. కానీ ఆ చీటీ పోగు పొడవు గురించి ఒక్క ముక్క చెప్పదు. ఉండలు కట్టడమూ మానడమూ ఎక్కువగా తేలేది అక్కడే. పొడవాటి పోగు దారంలో చాలా దూరం పెనవేసుకుని కదలకుండా ఉంటుంది. పొట్టి పోగు జారి బయటికొస్తుంది. పొడవాటి మేలురకం ఉన్నితో చేసిందీ, మిల్లులో మిగిలిన పొట్టి పోగులను పోగేసి వడికిందీ రెండూ చట్టం దృష్టిలో 100 శాతమే. అందుకే నా చేతిలో మామూలు మెరినో గొర్రె ఊలు స్వెట్టర్లు ఏళ్ల తరబడి నిలిచాయి, పక్కనే కాష్మియర్లు చిరిగాయి.

దారం దగ్గరికి రండి

చాలా ఖరీదైన స్వెట్టర్లతో పాటు చిన్న కవరులో అదనపు బొత్తాం, కాస్త దారం పెడతారు. కొన్నాక దాన్ని సొరుగులో పడేయకండి. ఆ దారాన్ని పురికి ఎదురు దిశలో విప్పండి. రెండు పేటలుగా విడిపోతే మంచిది. ఒంటి పేటే అయితే కాస్త లాగి చూడండి. మెల్లగా లాగినా విడిపోయేది మోచేతి రాపిడిని ఏం తట్టుకుంటుంది? నూలు వివరాల్లో 2/28 అని రాసి ఉంటే, కిలోకు 28 కిలోమీటర్లు వచ్చేంత సన్నని దారాలు రెండు కలిపి పేనారని అర్థం. సన్నని కాష్మియర్ స్వెట్టర్లలో తరచు కనిపించే నూలు అది.

పేటల వల్ల ఇంకో లాభం ఉంది. ఒంటి పేట దారంలో పురి ఎప్పుడూ తిరిగి విప్పుకోవాలని చూస్తుంటుంది. ఆ తాపత్రయం వల్ల అల్లిక మొత్తం ఒక పక్కకు మెలితిరుగుతుంది. రెండు పేటలను ఎదురు పురితో కలిపితే ఆ లాగుడు సర్దుకుంటుంది. దుకాణంలో స్వెట్టర్‌ను భుజాల దగ్గర పట్టుకుని వేలాడదీయండి. పక్క కుట్లు నిట్టనిలువుగా దిగాలి. కొత్తప్పుడే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు పోతుంటే ఉతికాక ఎక్కడ తేలుతుందో చెప్పలేం. ఇస్త్రీతో దాన్ని కొంతకాలం కప్పిపుచ్చవచ్చు, సరిచేయడం నా వల్ల కాదు.

అల్లిక బిగువు చూడడం తేలిక. వెలుతురుకు అడ్డంగా పట్టండి: ఉచ్చులు ఒకే తీరున ఉండాలి, అక్కడక్కడ పలచని చారలు కనిపించకూడదు. గేజి అంటే యంత్రంలో అంగుళానికి ఎన్ని సూదులున్నాయన్న లెక్క. 12 గేజి సన్నని అల్లిక, 3 గేజి లావుపాటిది. ఏ గేజి అయినా వదులుగా అల్లితే నూలు కలిసొస్తుంది, బట్ట జాలువారుతూ అందంగానూ కనిపిస్తుంది. అమ్మేవాడికి రెండు విధాలా లాభమే. ముంజేతి పట్టీని అడ్డంగా సాగదీసి వదలండి. చటుక్కున వెనక్కి రావాలి. తీరిగ్గా వచ్చేది నెలల్లో గంట ఆకారంలోకి మారుతుంది. అల్పాకా (ఒంటె జాతి జంతువు ఉన్ని), పత్తి స్వెట్టర్లలో ఈ పరీక్ష మరీ ముఖ్యం, వాటికి ఊలుకున్నంత సాగి ముడుచుకునే గుణం లేదు.

ఇప్పుడు తిరగేయండి

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చూసేది ఇక్కడే. స్వెట్టర్ రెండు రకాలుగా తయారవుతుంది. ముందుభాగం, వెనుకభాగం, చేతులు ఒక్కోటి ఆ ఆకారంలోనే అల్లి, ఉచ్చుకు ఉచ్చు కలిపి అతకడం ఒక పద్ధతి. 1864లో విలియం కాటన్ అనే ఆంగ్లేయుడు పేటెంటు పొందిన యంత్రంతో ఈ ఆకారపు అల్లిక కర్మాగారాల్లో సాధ్యమైంది. రెండో పద్ధతిలో పెద్ద అల్లిక బట్టను కత్తెరతో కోసి, అంచులు ఊడకుండా దారం చుట్టి (ఓవర్‌లాక్ చేసి) కుడతారు. టీషర్టుకు అది చాలు. స్వెట్టర్‌కు, అందులోనూ ఆ ధర పెట్టిన స్వెట్టర్‌కు, చాలదు. కోసిన ఉచ్చు ఎప్పుడైనా జారిపోవచ్చు, లావుపాటి కుట్టు ఒంటికి గుచ్చుకుంటుంది.

తేడా ఎలా పట్టుకోవాలంటే, ఆకారంలో అల్లినదైతే చంక దగ్గర కుట్టుకు సమాంతరంగా చిన్న చిన్న జంట ఉచ్చుల గుర్తులు వరుసగా ఉంటాయి. ఆకారం కోసం ఉచ్చులు తగ్గించిన చోట్లు అవి. ఇందులోనూ నకిలీలున్నాయి, గుర్తులు ఉత్త అలంకారంగా వేస్తారు. కాబట్టి గుర్తును కాదు, నిలువు వరుసలను చూడండి. అసలుదైతే అంచున ఉన్న వరుసలు కుట్టుతో పాటే వంగి నడుస్తాయి. నకిలీదైతే వరుసలు నేరుగా వెళ్లి కుట్టు దగ్గర తెగిపోతాయి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇలాంటి వాటికోసమే పుట్టిందేమో.

కుట్లే లేని స్వెట్టర్ కనిపిస్తే కంగారుపడకండి. 1995లో జపాను సంస్థ షిమా సెయికి మొత్తం వస్త్రాన్ని ఒకేసారి అల్లే యంత్రాన్ని ప్రదర్శించింది. అది చవక పని కాదు. కాకపోతే బరువైన పొడవాటి స్వెట్టర్‌కు భుజాల మీద కుట్టో పట్టీయో ఆధారంగా లేకపోతే కిందికి వేలాడుతుంది.

ఒక మాట డిజైనర్ల పక్షాన. మోహెయిర్ (అంగోరా మేక వెంట్రుక) జాలీ అల్లికలు, దారాలు వేలాడే ప్రయోగాలు రోజువారీ వాడకానికి చేసినవి కావు. అందానికి వెల కట్టి కొనండి, తప్పు లేదు. నాకు మండేది సాదా గుండ్రని మెడ స్వెట్టర్ విషయంలో. అందులో డిజైన్ అని చెప్పుకునేది లేబుల్ తప్ప మరొకటి లేనప్పుడు నాణ్యతైనా ఉండాలి కదా.

కొనేశాక

తొలి వాడకాల్లో కొద్దిగా ఉండలు రావడం మంచి ఊలుకూ సహజమే. వేలితో పీకకండి, ఇంకో పోగును బయటికి లాగినట్లవుతుంది; స్వెట్టర్ దువ్వెనతో ఒకే దిశలో తీయండి. వరసగా రెండు రోజులు తొడగకండి. భుజానికి సంచి తగిలిస్తే అక్కడ ఉండలు ఖాయం. మొదటి ఉతుకుకు ముందు పొడవు, వెడల్పు టేపుతో కొలిచి రాసుకోండి. లేబుల్ ఒప్పుకుంటే గోరువెచ్చని నీళ్లలో, ఊలు సబ్బుతో, రుద్దకుండా నొక్కి ఉతకండి. ఊలు పోగు మీద పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి కలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని స్వెట్టర్ కుంచించుకుపోతుంది, ఇక వెనక్కి రాదు. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, రాసుకున్న కొలతకు సర్ది, పరిచి ఆరబెట్టండి.

అంతా పాటించినా పాడైతే ఫిర్యాదు చేయండి, అయితే పద్ధతిగా. ఉండలు తీసేయక ముందే, మళ్లీ ఉతకక ముందే, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. లోపలి కుట్టు ఫొటో తప్పనిసరి. కుట్టు విడిపోవడం, ఉచ్చు జారడం, మెలితిరగడం, లేబుల్ ప్రకారమే ఉతికినా కొలత మారడం తయారీ లోపాలని గట్టిగా అడగవచ్చు. ఉండల విషయంలోనే వాదన వస్తుంది. మెలితిరిగిన నా సొంత స్వెట్టర్‌కే ఒక పెద్ద సంస్థ 'చేతిపని సహజ లక్షణం' అని జవాబిచ్చింది. అది యంత్రం మీద అల్లినదని దాని కుట్లే చెబుతున్నాయి. అలాంటి జవాబు వస్తే ఒక ప్రశ్న రాతపూర్వకంగా వేయండి: ఐఎస్ఓ 12945 పరీక్షలో ఈ అల్లికకు ఏ గ్రేడు వచ్చింది? ఉండలు కట్టే గుణానికి 1 నుంచి 5 దాకా గ్రేడు ఇచ్చే ప్రామాణిక పరీక్ష అది, 5 అంటే మార్పే లేదని. సూటిగా జవాబు రాకపోయినా, మీ ఉత్తరం చదివే మనిషి మారుతుంది.

డబ్బు వెనక్కి రాకపోతే బాగుచేయించడం మిగులుతుంది. ఆకారంగా అల్లి అతికినదైతే కుట్లు విప్పి, మోచేతి దాకా అల్లికను ఊడదీసి మళ్లీ అల్లవచ్చు. దారం ఏకంగా వస్తుంది. కత్తిరించి కుట్టినదైతే విప్పినకొద్దీ ప్రతి వరుసకూ తెగిన ముక్కే చేతికొస్తుంది. అలాంటిదానికి మోచేతి మీద తోలు ముక్క వేయించుకోండి. అంతకు మించి దాని మీద ఖర్చు పెట్టకండి, నా దగ్గరైనా సరే.