కవచం ఎక్కడ గుచ్చుకుంటోంది? 14వ శతాబ్దపు యూరప్ కిట్: సమస్యలు, కారణాలు, మరమ్మతులు

వేసవి వస్తే యూరప్‌లో పాత యుద్ధాలను మళ్ళీ ఆడి చూపించే మేళాలు మొదలవుతాయి. పోలండ్‌లో 1410 నాటి గ్రున్‌వాల్డ్, ఇంగ్లండ్‌లో 1471 నాటి ట్యూక్స్‌బరీ, రెండూ జులైలోనే. చదువుకో ఉద్యోగానికో అక్కడున్న మనవాళ్ళు ఏదో ఒక గ్రూపులో చేరి కిట్ కొనుక్కుంటే, మొదటి సీజన్‌లోనే ఎదురయ్యే తలనొప్పులు ఇవి. ఉదాహరణకు 1360–1400 మధ్య యోధుడి కిట్ తీసుకున్నాను: లినెన్ లోచొక్కా, దూది కూరి కుట్టిన గ్యాంబెసన్ కోటు లేదా ఒంటికి పట్టే డబ్లెట్, కాళ్ళకు తొడ దాకా వచ్చే మేజోళ్ళలాంటి ఉన్ని హోజ్, పైన ఇనుప రింగుల మెయిల్, దానిమీద రేకు కవచం, బాసినెట్ హెల్మెట్, కత్తి.

ఇనుము గుచ్చుకుంటోందని సుత్తి తీసే ముందు, దాని కింద బట్ట ఎలా ఉందో చూడండి. నొప్పి ఇనుము దగ్గర తెలుస్తుంది గానీ తప్పు చాలాసార్లు కుట్టులో ఉంటుంది. అందుకే ఒంటికి దగ్గరగా ఉన్నదాంతో మొదలుపెట్టి పైకి వస్తున్నాను.

చెయ్యి ఎత్తితే కోటంతా లేస్తోంది

కత్తి తలపైకి ఎత్తగానే గ్యాంబెసన్ అంచు నడుము దాకా వచ్చేస్తుంది. మెడ దగ్గర బిగుసుకుంటుంది. పది నిమిషాల్లో భుజం పట్టేస్తుంది. సైజు చిన్నదైందనుకొని ఇంకా వదులుది కొంటారు. అది ఇంకా ఎక్కువ లేస్తుంది.

కారణం చంక రౌండ్. మామూలు చొక్కా అలవాటుకొద్దీ దర్జీ దాన్ని రెండు మూడు వేళ్ళు కిందికి దింపుతాడు. చెయ్యి లేచినప్పుడు ఆ కింది కుట్టే పక్క భాగాన్నంతా పైకి లాగేస్తుంది. చంక కుట్టు చంక గుంటకు ఆనుకొని ఎత్తుగా ఉండాలి, కదలికకు కావలసిన బట్ట చేతి భాగంలో ఉండాలి. ఫ్రాన్స్‌లో లియోన్ వస్త్ర మ్యూజియంలో బ్రిటనీ ప్రాంతపు పాలన కోసం పోరాడిన షార్ల్ ద బ్లువాదని చెప్పే కోటు ఒకటుంది. ఆయన 1364లో ఓరే యుద్ధంలో చనిపోయాడు. దాని ఫొటోలు దగ్గరగా చూడండి. చేతి రౌండ్ ఛాతీ మీదికీ వీపు మీదికీ పెద్ద వలయంలా వస్తుంది, చంక కింద మాత్రం పైకే ఉంటుంది. చేతిని త్రికోణపు ముక్కలు కలిపి కుట్టారు. అంత బిగుతు కోటులోనూ చెయ్యి స్వేచ్ఛగా ఆడేది అందుకే.

ఇప్పటికే కుట్టించేసిన కోటైతే పక్క కుట్టు, చేతి కింది కుట్టు నాలుగేసి అంగుళాలు విప్పి, అరచేయంత నలుచదరం ముక్కను మూలవాటుగా చంకలో వేయించండి. అదీ చాలకపోతే చంక కింద కుట్టకుండా తెరిచి వదిలేయండి, పైన మెయిల్ ఎలాగూ కప్పుతుంది. బొత్తాలు పెట్టుకొని రెండు చేతులూ పైకెత్తితే అంచు రెండు మూడు అంగుళాలకు మించి లేవకూడదు.

ఉక్కపోస్తోందంటే లోపల పాలిస్టర్ షీట్ ఉందేమో చూడండి. పత్తి కూరడం ఆ కాలంలోనూ ఉంది. బాగా ఏకిన పరుపు దూది, పైనా కిందా లినెన్ ఉంటే చెమట పీల్చుకొని ఆరుతుంది. ఇంటి నుంచి కుట్టించి తెప్పించుకునేవాళ్ళు దర్జీకి ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి, లేకపోతే జాకెట్లకు వేసే షీటే వేసేస్తాడు.

హోజ్ మోకాళ్ళ దగ్గర సంచిలా వేలాడుతోంది

బట్టను నిలువు పోగు మీద కత్తిరించి ఉంటారు. దీనికి క్రాస్ కటింగే కావాలి. మన బ్లౌజులు కుట్టేవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు: పడుగుకూ పేకకూ 45 డిగ్రీల వాలులో కోస్తే బట్ట సాగి ఒంటికి పట్టుకుంటుంది. లండన్ తవ్వకాల్లో దొరికిన ఆనాటి హోజ్ ముక్కలూ అలాగే కోసినవే. నిలువుగా కోసినదాన్ని బాగుచేయలేం, దాన్ని తలగుడ్డకు వాడుకొని కొత్తది కోయండి. ఉన్ని ట్విల్ (ఏటవాలు గీతల నేత) తీసుకొని, కోయకముందే ఒకసారి తడిపి ఆరబెట్టండి. లేకపోతే మొదటి వానకే కురచవుతుంది.

కోత సరిగ్గానే ఉన్నా జారుతోందంటే కట్టు చూడండి. స్వీడన్‌లో 1936లో బురదనేలలో దొరికిన బాక్‌స్టెన్ మనిషి ఒంటిమీద ఉన్నట్టు, అప్పటి హోజ్ రెండు విడివిడి కాళ్ళుగా ఉండేది. ఒక్క తాడుతో కడితే తొడ వెనక జారుతుంది. ముందు, పక్కన, కొద్దిగా వెనక కట్టుకోండి. వంగితే పిర్రల దగ్గర చిరుగుతోందంటే వెనక కట్టు మరీ బిగుతుగా ఉంది, అది వదులు చేస్తే చాలు.

ఎర్ర రంగు దిగి లోచొక్కా గులాబీ అయిపోయింది

సహజ రంగుతో ఇంట్లో అద్దినవాళ్ళకే ఇది వస్తుంది. మంజిష్ఠ జాతి వేరైన మ్యాడర్‌తో ఎరుపు అద్దేటప్పుడు పటిక తక్కువైనా, అద్దాక సరిగ్గా జాడించకపోయినా రంగు నిలవదు. ఉన్ని బరువులో 15 శాతం దాకా పటిక వేసి నానబెట్టాకే రంగులో వేయాలి. నీళ్ళు 70 డిగ్రీలు దాటితే ఎరుపు గోధుమలోకి తిరుగుతుంది, అందుకే మరగనివ్వొద్దు. లినెన్‌కు పటిక ఒక్కటే చాలదు, ముందు కరక్కాయ నీళ్ళలో ముంచాలి. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు నూలుకు చేసేదీ ఇదే.

తొడ కవచం జారి మోకాలి మీద పడుతోంది

ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. ఒక్కో కాలికి రెండు మూడు కిలోల ఇనుము ఉంటుంది. దాన్ని తోలు బెల్టుకు కట్టి నడుముకు బిగిస్తారు. గంట గడిచేసరికి బెల్టు తుంటి మీదికి దిగుతుంది, కవచమూ దిగుతుంది, మోకాలి గిన్నె పిక్క మొదట్లో కూర్చుంటుంది. ఇంకా బిగిస్తే తుంటి ఎముక దగ్గర కమిలిపోతుంది, తొడ తిమ్మిరెక్కుతుంది.

కాలి బరువును బెల్టు కాదు, డబ్లెట్ మోయాలి. నడుము సన్నగా ఉండే చోట అది ఎంత బిగుతుగా ఉండాలంటే, రెండు చేతులతో అంచు పట్టుకొని కిందికి లాగినా దిగకూడదు. అప్పుడు బరువు నడుము చుట్టూ, వీపంతా పంచుకుంటుంది. తొడ రేకు పైఅంచుకు తోలు నాలుక రివెట్ చేసి, దానికి రెండు రంధ్రాలు పెట్టి, డబ్లెట్ అంచున తుంటి పక్కన ఉన్న రెండు కాజాల్లోంచి మైనం రాసిన తాడు దూర్చి కట్టండి. కాజాలు చేత్తో కుట్టినవి కావాలి. లోహపు ఐలెట్లు బట్టను కోసేస్తాయి, పైగా ఆ కాలానివి కావు.

కట్టాక మోకాలు వంచి చూడండి. గిన్నె నడిమధ్య మోకాటి చిప్ప మీద ఉందా? కిందికుంటే తాడు కురచ చేయండి. నడిచేటప్పుడు పాదం పైభాగం ఒరుసుకుంటోందంటే పిక్క రేకు పొడవెక్కువ, లేదా అది పిక్క మీద నిలవకుండా మోకాలి నుంచి వేలాడుతోంది. పిక్క ఒంపుకు దగ్గరగా వంచితే సగం బాధ పోతుంది.

మెయిల్ వేసుకుంటే భుజాలు పడిపోతున్నాయి

ప్రపంచమంతా అమ్ముడయ్యే చవక మెయిల్‌లో చాలా భాగం ఉత్తర భారతంలో తయారయ్యేదే. ఒక చొక్కా సుమారు 10 కిలోలు తూగుతుంది. అదంతా భుజాల మీదే వేలాడితే ఎవరికైనా నొప్పే. రెండు చేతులూ పైకెత్తి, ఇంకొకరి చేత నడుముకు బెల్టు గట్టిగా బిగించుకోండి. తర్వాత బెల్టు పైనున్న మెయిల్‌ను కొద్దిగా పైకి లాగి దానిమీదికి వదలండి. ఛాతీ కింది బరువు నడుముకు చేరుతుంది. తేడా అప్పటికప్పుడే తెలుస్తుంది.

మెయిల్ పలకలా బిగుసుకుని విచ్చుకున్నట్టు వేలాడుతోందంటే రింగుల వరస తిరగబడింది. వరసలు ఒంటి చుట్టూ అడ్డంగా తిరిగితే అది తన బరువుకు తానే ముడుచుకుని ఒంటికి పడుతుంది. మరమ్మతులో అతికిన ముక్కలు ఎక్కువగా ఇలా తప్పుతాయి. విప్పి 90 డిగ్రీలు తిప్పి అతకడం తప్ప దారిలేదు.

చంకలో రింగులు ఊడిపోతున్నాయంటే ముందు రివెట్ ఉన్నవా, లేక కొసలు ఆనించి వదిలేసినవా చూడండి. ఆనించినవి అలంకారానికే. రివెట్ ఉన్నవీ ఊడుతుంటే చొక్కాను టీ ఆకారంలో అల్లి చంకలో చోటివ్వలేదని అర్థం. అక్కడ అదనపు రింగులతో పలక ముక్క అల్లాలి.

తుప్పుకు పెద్ద కారణం వాన కాదు. చెమట తడి ఆరని గ్యాంబెసన్‌తో కలిపి మెయిల్‌ను ఒకే సంచిలో కుక్కడం. పొడి ఇసుకతో చిన్న పీపాలో పోసి దొర్లిస్తే తుప్పు రాలుతుంది, ఆ కాలంలోనూ పీపాలో దొర్లించేవారు. తర్వాత పల్చగా నూనె పట్టించి తుడవండి. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) మెయిల్‌ను నల్లబరచాలని మంటలో వేయొద్దు, జింకు పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి. ఆ పూత తీయడానికి ఆసిడ్‌లో ముంచేవాళ్ళు ఆరుబయట, మంటకు దూరంగా చేయాలి, అందులోంచి హైడ్రోజన్ వస్తుంది. లినెన్ మీద పడ్డ తుప్పు మరక నిమ్మరసం, ఉప్పుతో పోతుంది. సహజ రంగులద్దిన బట్టకు మాత్రం నిమ్మరసం తగలనివ్వొద్దు.

వంగితే ఛాతీ రేకు గొంతులోకి తన్నుకొస్తోంది

రేకు పొడవెక్కువ. కడుపంతా కాపాడాలనే ఆశతో తుంటి దాకా దించి చేస్తారు. ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ కెథెడ్రల్‌లో, 1376లో చనిపోయిన ఇంగ్లండ్ యువరాజు బ్లాక్ ప్రిన్స్ సమాధి మీది శిల్పం చూడండి, నడుము ఎంత పైన, ఎంత సన్నగా ఉందో. గట్టి రేకు పక్కటెముకలు ముగిసే చోట, బొడ్డుకు కాస్త పైన ఆగిపోవాలి. అక్కడ గుర్తు పెట్టి కోసి, అంచును బయటికి మడిచి, ఆకురాయితో నున్నగా చేయండి. కోయడానికి మనసొప్పకపోతే పట్టీలు బిగించి పైకి జరిపి చూడండి, మెడ దగ్గర చోటుంటేనే.

బట్ట లోపలివైపు రేకులు బిగించే కోట్ ఆఫ్ ప్లేట్స్‌లో బాధ వేరు: రివెట్ల చుట్టూ బట్ట చిరుగుతుంది. 1361 జులైలో గాట్లండ్ దీవిలో డేన్మార్క్ సైన్యం చేతిలో చనిపోయినవాళ్ళను అక్కడి విస్బీ పట్టణపు గోడల బయట కవచాలతో సహా పూడ్చారు. ఈ రకం కవచం గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ గోతుల్లోంచి వచ్చిందే. పైపొర ఒక్క పలుచని బట్టైతే ఎవరు చేసినా చిరుగుతుంది. మందపాటి తోలో, రెండు పొరల కాన్వాసో వేసి, రివెట్ తల కింద వాషర్ పెట్టండి. రివెట్‌ను పూర్తిగా అణగ్గొట్టొద్దు, రేకు కొద్దిగా ఆడాలి.

హెల్మెట్ మోగుతోంది, ముందుకు జారుతోంది

తల ఊపితే హెల్మెట్ ఆలస్యంగా తిరుగుతోందంటే లోపలి లైనింగ్ సరిగ్గా లేదు. ఫోమ్ ముక్కలు అంటించి సరిపెట్టుకోకండి. అంచు రంధ్రాల వెంట తోలు పట్టీ బిగించి, దానికి దూది కుట్టిన లినెన్ టోపీని కుట్టాలి. టోపీ నడినెత్తిన తాడు ఉంటే అది బిగించీ వదిలీ ఎత్తు సరిచేసుకోవచ్చు. నడినెత్తికీ ఇనుముకూ మధ్య ఖాళీ ఉండాలి, తల ఇనుముకు నేరుగా ఆనితే దెబ్బ తలకే. గడ్డం పట్టీ రెండు చోట్ల కాక నాలుగు చోట్ల పట్టుకుంటే ముందుకు జారడం ఆగుతుంది.

ముఖం మీది విజర్ దించితే ఊపిరాడక టెన్షన్ వస్తోందంటే, కుడివైపు రంధ్రాలు సరిపడా ఉన్నాయా చూడండి. ఆనాటి విజర్లలో కుడివైపే ఎక్కువ ఉండేవి, దెబ్బ ఎక్కువగా తగిలేది ఎడమవైపు. తల తిరిగినట్టుంటే ఆట ఆపి విజర్ ఎత్తేయడమే, ఓర్చుకోవడం వద్దు.

కత్తి పిడి కదులుతోంది

పిడి పట్టుకుని రెండో చేతి అరచేత్తో బ్లేడును తట్టండి. టిక్కుమని శబ్దమొస్తే గార్డో (పిడికీ బ్లేడుకూ మధ్య అడ్డకడ్డీ) పామెలో (పిడి చివరి గుండు) వదులైంది. చలికాలం హీటర్ల గదిలో చెక్క ఎండి కుంచించుకుపోతుంది. చిన్న సందుకు గార్డు కింద గట్టి చెక్క చీలిక ఎపాక్సీతో దిగ్గొట్టండి. మర పామెల్ అయితే విప్పి మరకు జిగురు రాసి బిగించండి. కొసను కొట్టి అణిచిన పామెల్ అయితే దాగలి మీద మళ్ళీ కొట్టాలి, అది కమ్మరి పని. పిడి లోపలికెళ్ళే కొసను సన్నని కడ్డీగా బ్లేడుకు వెల్డింగ్ చేసి ఉంటే అది మరమ్మతుకు తగదు, విరిగి ఎవరి మీదికో ఎగురుతుంది.

మొద్దు కత్తుల అంచు మీద దెబ్బలకు ముళ్ళు లేస్తాయి, అవే చేతుల్ని చీలుస్తాయి. ఆట అవగానే అంచు వెంట గుడ్డ లాగండి. ఎక్కడ పట్టుకుంటే అక్కడ ఆకురాయి పెట్టి, అంచు రెండు మిల్లీమీటర్ల మందంతో గుండ్రంగా ఉండేలా సరిచేయండి. గాటు లోతుగా ఉండి, దాని కొసన వెంట్రుకంత గీత కనిపిస్తే అది పగులు. కాల్చి గట్టిపరచిన ఉక్కుకు అక్కడ వెల్డింగ్ చేయిస్తే ఆ చుట్టూ పెళుసవుతుంది. అలాంటి కత్తిని గ్రూపు పెట్టెలో తిరిగి పెట్టకుండా, బ్లేడు మీద ఎర్ర పెయింటుతో అడ్డగీత గీసి పక్కన పెట్టేయండి.